మనం అరువు తెచ్చుకున్న ‘ఫెయిర్’

ఇంగ్లీషులో ‘ఫెయిర్’ చాలా చిన్న విశేషణం. పలకడానికి ఒక్క క్షణం పట్టదు. కానీ అది మోసే బరువు చూడండి. పెళ్ళి ప్రకటనలో అది ఒంటి రంగు. కోర్టు తీర్పులో న్యాయం. స్కూలు సంచీలో కొట్టివేతలు లేని నోట్‌బుక్. వాతావరణ సూచనలో వాన పడని రోజు. పాత పుస్తకాలు అమ్మే సైట్లలో మాత్రం అట్ట నలిగి, అంచులు చిరిగి, పేజీలు మాత్రం అన్నీ ఉన్న కాపీ. అంటే అదే మాట ఒకచోట ‘చాలా అందమైన’ అనీ, ఇంకోచోట ‘ఏదో పర్లేదులే’ అనీ చెబుతుంది. ఒకే మాట ఇన్ని పనులకి ఎలా కుదిరింది? అందులో మనవాళ్ళు ఏ పనికి కుదుర్చుకున్నారు? నాకు మొదటి ప్రశ్న కంటే రెండోదే ఎక్కువ ఆసక్తి. ఒక భాష ఇంకో భాష నుంచి మాట అరువు తెచ్చుకునేటప్పుడు దాని అర్థాలన్నీ మూటగట్టుకుని రాదు. తనకి కావలసిందే ఏరుకుంటుంది. ఏం ఏరుకుందో చూస్తే ఆ ఇంటి అవసరాలేమిటో తెలుస్తాయి.

ముందు ఒక చిన్న చిక్కు విప్పుకుందాం. బుక్ ఫెయిర్ లోని ‘ఫెయిర్’ వేరే మాట. అది లాటిన్‌లో పండగ రోజు అనే అర్థమున్న ‘ఫెరియా’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. పండగ రోజున సంత జరిగేది కాబట్టి సంతకి ఆ పేరొచ్చింది. మన విశేషణానికి దానితో చుట్టరికం లేదు. బస్సులో ఇచ్చే ఛార్జీ ‘ఫేర్’ కూడా వేరే. ఇంగ్లీషులో పలుకు కలిసినంత మాత్రాన పుట్టుక కలవదు.

మన ‘ఫెయిర్’ అచ్చమైన జర్మానిక్ మాట. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ఇది దాదాపు ‘ఫయ్యెర్’ అన్నట్టుండేది. అర్థం: చూడముచ్చటైన, హాయైన. మనిషికీ చెప్పేవారు, చెట్టుకీ, ఊరికీ, మాటకీ, ఎండ కాసిన రోజుకీ చెప్పేవారు. రంగుతో పని లేదు. ఇంకా వెనక్కి, జర్మానిక్ భాషలన్నిటికీ తల్లి అనుకునే భాష దాకా వెళ్తే, భాషావేత్తలు చెప్పే మూలార్థం ఇంకా ముచ్చటగా ఉంటుంది. తగిన, కుదిరిన, ఒప్పిన. గోతిక్ భాషలో దీని చుట్టపు మాటకి ‘తగిన’ అనే అర్థం. అంటే ఎక్కడ ఉండాల్సింది అక్కడ ఉంటే, ఎంత ఉండాల్సింది అంత ఉంటే అది ఫెయిర్. అందం కూడా అందులోంచే వచ్చింది. ఒప్పుగా ఉన్నదే అందంగా ఉంటుంది గదా.

రంగుతో పని లేదన్నదానికి ఒక మంచి సాక్షి ఉన్నాడు. నార్వే దేశాన్ని ఒక్క ఏలుబడి కిందకి తెచ్చాడని చెప్పే రాజు హారాల్డ్. దేశమంతా గెలిచేదాకా జుట్టు కత్తిరించనని ఒట్టు పెట్టుకున్నాడని ఐస్‌లాండ్ సాగాలు చెబుతాయి. అతని బిరుదుని ఇంగ్లీషులో ‘ఫెయిర్‌హెయిర్’ అంటారు. ఈ కాలపు పాఠకుడు వెంటనే బంగారు రంగు జుట్టుని ఊహించుకుంటాడు. కానీ పాత నార్స్‌లో ‘ఫాగ్ర్’ అంటే అందమైన అని మాత్రమే. అది అందమైన జుట్టున్న రాజు కథ. ఏ రంగో ఆ బిరుదు చెప్పదు. రంగు అద్దింది మనమే, తరవాత.

*

అద్దకం ఎప్పుడు మొదలైంది? ఒక్కరోజులో జరగలేదు. మధ్యయుగాల కథల్లో నాయిక ఎప్పుడూ లిల్లీ పువ్వు, హంస, మంచు. పొలంలో ఎండకి కమిలేది పని చేసే ఆడది. నీడ పట్టున ఉండేది ఇంటి యజమానురాలు. కాబట్టి అందం అనే మాట పక్కన తెలుపు అనే మాట వచ్చి కూర్చోవడం అలవాటైంది. కూర్చుని కూర్చుని ఒకనాడు పీట తనదే అంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలానికి (1558–1603) ‘ఫెయిర్’ అంటే అందమైన, తెల్లని అనే రెండు అర్థాలూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఆ రోజుల్లో దొరసానులు సీసం, వెనిగర్‌తో చేసిన తెల్ల పూతని ముఖానికి రాసుకునేవారు. సీసం విషం. ఫెయిర్‌నెస్ క్రీమ్ మన కనిపెట్టుడు కాదన్నమాట.

ఇదే సమయంలో ఈ మాటకి ఇంకో కొమ్మ కూడా పెరిగింది. ‘తగిన’ అనే పాత అర్థం లోంచి ‘న్యాయమైన, పక్షపాతం లేని’ అనే అర్థం. 14వ శతాబ్దం నాటికే ఇది స్థిరపడింది. దాంతో ఒకే మాటలో అందం, తెలుపు, మంచితనం మూడూ కాపురం పెట్టాయి. ఈ ఇరుగింటి వ్యవహారాన్ని షేక్‌స్పియర్ అంత బాగా వాడుకున్నవాళ్ళు లేరు. 1609లో అచ్చైన ఆయన సానెట్లలో చివరి భాగం ఒక నల్లని స్త్రీ గురించి. ఆమె నలుపు కాబట్టి ఫెయిర్ కాదు. కానీ కవి కళ్ళకి అందంగా ఉంది కాబట్టి ఫెయిరే. కానీ కవికి అన్యాయం చేస్తోంది కాబట్టి మళ్ళీ ఫెయిర్ కాదు. కవితంతా ఈ ఒక్క మాట చుట్టూ గానుగెద్దులా తిరుగుతుంది. ‘ఒథెల్లో’లోనైతే వెనిస్ పాలకుడు నల్లజాతి సేనాపతిని మెచ్చుకుంటూ, గుణంలో అతను నలుపు కంటే ఫెయిర్ అనే అర్థం వచ్చేలా అతని మామగారితో అంటాడు. మెచ్చుకోలే. కానీ ఆ మెచ్చుకోలు నిలబడాలంటే తెలుపు మంచిదనీ నలుపు చెడ్డదనీ ముందే ఒప్పుకోవాలి. మాట్లాడేవాడికి దురుద్దేశం అక్కర్లేదు. ఆ పని మాటే చేసిపెడుతుంది.

1600లో ఈస్టిండియా కంపెనీకి పత్రం దొరికింది. ఇలా మూడర్థాలూ ముడిపడిన ‘ఫెయిర్’ ఓడెక్కి మన తీరానికి వచ్చింది.

*

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. రంగు పిచ్చిని ఇంగ్లీషువాళ్ళే నేర్పారనుకుంటే మన పని తేలికైపోతుంది. కానీ నిజం అంత తేలిక కాదు. తెల్లగా ఉన్నవాళ్ళని తెలుగులో ‘ఎర్రగా బుర్రగా’ ఉన్నారంటాం. ‘పచ్చని ఛాయ’ అంటాం, ‘దబ్బపండు ఛాయ’ అంటాం. ఒకే రంగుకి ఎరుపు, పసుపు, నిమ్మజాతి పండు అన్నీ వాడేశాం. అంత శ్రద్ధగా చూశామన్నమాట. ఇక నల్లగా ఉన్నవాళ్ళకి మనకున్న అత్యంత మర్యాదైన మాట ‘కాస్త రంగు తక్కువ’. రంగు అంటేనే తెలుపు అనీ, నలుపు అంటే ఉండాల్సినంత లేకపోవడమనీ దీని లెక్క. ఇది ఏ దొరా నేర్పింది కాదు.

అదే సమయంలో మన దగ్గర ఇంకో సంప్రదాయమూ ఉంది. రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ అనే పేరొచ్చిందే ఆమె నలుపు వల్ల. పోతన భాగవతంలో గోపికలు మల్లెపొదల్ని అడుగుతూ వెతికే కృష్ణుడికి చెప్పుకున్న మొదటి గుర్తే నలుపు. ‘చామనచాయ’ అనే మాట కూడా ఆ శ్యామం నుంచి వచ్చిందే. దేవుళ్ళకీ కావ్యనాయికలకీ చెల్లిన రంగు, పేపర్లో తప్పిపోయినవారి ప్రకటనలకి గుర్తుగా మిగిలిపోయింది.

మాటల పుట్టుకలో కూడా ఒక విచిత్రం ఉంది. తెలుపు, తెలియు, తేట, తెల్లవారు ఇవన్నీ ఒకే ద్రావిడ ధాతువు బిడ్డలు. ఆ ధాతువుకి అర్థం స్పష్టంగా ఉండడం. మనకి తెలుపు అంటే మొదట అందం కాదు, మంచితనమూ కాదు, కనబడడం. అందుకే ‘తెలుపు’ అనేది రంగూ అవుతుంది, ‘చెప్పు’ అనే క్రియా అవుతుంది. ఇక ‘నల్ల’ సంగతి చూడండి. తమిళంలో అచ్చం అలాగే పలికే మాటకి ‘మంచి’ అని అర్థం. పుట్టుక వేరనుకోండి. కానీ చెన్నైలో మొదటిసారి ‘నల్ల పొణ్ణు’ అని మెచ్చుకోవడం విని తెలుగువాళ్ళు ఉలిక్కిపడిన సందర్భాలు చాలానే ఉండి ఉంటాయి. అక్కడ అన్నది మంచి పిల్ల అని.

పక్షపాతం మన దగ్గర ముందే ఉన్నప్పుడు మరి ఇంగ్లీషు మాట ఏం చేసింది? దానికి ఇస్త్రీ చొక్కా తొడిగింది. ‘తెల్లపిల్ల కావాలి’ అని పేపర్లో వేస్తే చూడ్డానికి మొరటుగా ఉంటుంది. ‘ఫెయిర్, ప్రొఫెషనల్, 5.4’ అంటే మర్యాదగా ఉంటుంది. ఎందుకు మర్యాదగా ఉంటుందంటే, ఆ మాట వెంట అందం, న్యాయం అనే పాత చుట్టాలు కూడా వస్తారు కాబట్టి. నిఘంటువు తెరవకపోయినా వాళ్ళ నీడ పడుతుంది.

మా కజిన్‌కి సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఆమె బయోడేటా టైప్ చేసే పని నాకు పడింది. కాంప్లెక్షన్ అనే గడిలో నేను ‘వీటిష్’ అని కొట్టాను. గోధుమ రంగు మనిషిని చెప్పడానికి మనవాళ్ళు సృష్టించుకున్న ఇంగ్లీషు మాట అది. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని చూసి, “అది తీసేసి ఫెయిర్ అని పెట్టవే” అంది.

“అక్క చామనచాయ కదా పెద్దమ్మా?”

“కాగితం మీద అందరూ ఫెయిరేనే. లేకపోతే ఫోటో దాకా కూడా చూడరు.”

పక్క గదిలోంచి అక్క “గోధుమల్లో కూడా మంచి రకం ఉంటుందని రాయవే” అంది. అందరం నవ్వాం. గడిలో ‘ఫెయిర్’ అనే పడింది. పెద్దమ్మ అబద్ధం చెప్పిందని నేననను. ఆమెకి ఆ మాట రంగు పేరు కాదు, గేటు పాస్. ఆ గేటు ఆమె కట్టించింది కాదు.

గేటు ఎవరు కట్టారో గానీ, దాని మీద బోర్డు రాసి అమ్మినవాళ్ళు ఉన్నారు. 1975లో హిందుస్తాన్ లీవర్ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని మార్కెట్లోకి తెచ్చింది. 2005లో ఇమామీ మగవాళ్ళ కోసం ‘ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్’ తెచ్చింది. బడిలో ఇంగ్లీషు అంటని ఇళ్ళల్లోకి కూడా ఈ విశేషణం చిన్న ట్యూబు రూపంలో వెళ్ళింది. చాలామందికి ఇది నోరు తిరిగిన తొలి ఇంగ్లీషు విశేషణాల్లో ఒకటై ఉంటుంది. 2009లో చెన్నై నుంచి ‘డార్క్ ఈజ్ బ్యూటిఫుల్’ ప్రచారం మొదలైంది. తరవాత నటి నందితా దాస్ దానికి గొంతు కలిపారు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తరవాత ప్రపంచమంతా జాతివివక్ష మీద మాట్లాడుతుంటే, ఆ వేసవిలో కంపెనీ పేరు లోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ పెట్టింది. ఒక పెళ్ళిసంబంధాల సైట్ ఒంటిరంగు ఫిల్టర్ తీసేసింది. మంచిదే. కానీ మాట తీసేస్తే కోరిక పోదు, ఇంకో మాట వెతుక్కుంటుంది. గ్లో, బ్రైట్, రేడియంట్. ‘తెల్లని’ అనే అర్థం వీటికి ఇప్పుడిప్పుడే అంటుకుంటోంది. ఎలిజబెత్ కాలంలో ‘ఫెయిర్’కి జరిగిందే మన కళ్ళ ముందు ‘గ్లో’కి జరుగుతోంది.

*

ఇక రెండో కొమ్మ, న్యాయం సంగతి.

జర్మన్ భాష కూడా ఇంగ్లీషు నుంచి ‘ఫెయిర్’ని అరువు తెచ్చుకుంది. నిజానికి ఆ రెండు భాషలదీ ఒకే కుటుంబం. అయినా ఈ మాటని ఇంగ్లీషు స్పెల్లింగుతో సహా తెచ్చుకున్నారు. వాళ్ళు తెచ్చుకున్న అర్థం ఒక్కటే: ఆటలో, వ్యవహారంలో న్యాయంగా ఉండడం. ఒంటిరంగుకి జర్మన్‌లో ఎవరూ ‘ఫెయిర్’ అనరు. జాన్ రాల్స్ 1958లో ‘జస్టిస్ యాజ్ ఫెయిర్‌నెస్’ అనే వ్యాసం రాశాడు. 1971లో ఆ ఆలోచననే పెద్ద పుస్తకంగా విస్తరించాడు. తన స్థానం ఏమిటో, తన ఆస్తి ఎంతో తెలియని మనుషులు కూర్చుని సమాజానికి నియమాలు రాసుకుంటే ఆ నియమాలు ఫెయిర్‌గా ఉంటాయన్నది ఆయన వాదన. జర్మన్‌వాళ్ళు ఆ శీర్షికలో జస్టిస్‌ని అనువదించి, ఫెయిర్‌నెస్‌ని అలాగే ఉంచేశారు. మనం తెలుగు చేయబోతే ‘న్యాయమంటే న్యాయంగా ఉండడం’ అని వచ్చి చేతులు కడుక్కోవాలి. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు, ఒక మనిషి స్వేచ్ఛని తీసుకోవాలంటే పాటించే పద్ధతి ‘జస్ట్, ఫెయిర్, రీజనబుల్’గా ఉండాలంది. తెలుగులో మొదటి రెండూ న్యాయమే అయిపోతాయి. ఇంగ్లీషులో తేడా ఉంది. ‘జస్ట్’ పైనుంచి చూస్తుంది, చట్టం వైపు నుంచి. ‘ఫెయిర్’ పక్కనుంచి చూస్తుంది, ఎదుటి మనిషి వైపు నుంచి.

మనకి ఆ భావం లేదా అంటే ఉంది. దానికి ‘సబబు’ అనే చక్కని మాట ఉంది. ‘ఇది నీకు సబబేనా?’ అని అడిగేవాడు చట్టం ఎత్తడు, ఎదుటివాడి మనసాక్షిని కదుపుతాడు. కారణం అనే అర్థమున్న అరబీ మాట ఊళ్ళు తిరిగి వచ్చి ఇలా మనదైంది. ఇంకా అచ్చ తెలుగులో ‘తగు’ ఉంది. ‘ఫెయిర్’ మూలార్థం తగిన అని మొదట్లో చెప్పాను కదా, సరిగ్గా అదే. ‘తగు’ నుంచి మనకి ‘తగవు’ వచ్చింది. పాత తెలుగులో తగవు అంటే న్యాయం, ఔచిత్యం. తగవరి అంటే తీర్పరి. తరవాత తరవాత తగవు అంటే పోట్లాట అయిపోయింది. ఇంగ్లీషువాళ్ళు ‘తగిన’ అనే భావం లోంచి ముందు అందాన్నీ తరవాత న్యాయాన్నీ తీశారు. మనం అందులోంచి ముందు న్యాయాన్నీ తరవాత జగడాన్నీ తీశాం. న్యాయం అడిగిన ప్రతిసారీ గొడవైతే ఆ రెండింటికీ ఒకే పేరు మిగలడంలో వింతేముంది?

రేషన్ షాపు బోర్డు ఒకసారి చదవండి. దాని ఇంగ్లీషు పేరు ‘ఫెయిర్ ప్రైస్ షాప్’. తమిళులు దాన్ని ‘న్యాయ విలై కడై’ అన్నారు. కన్నడిగులు ‘న్యాయబెలె అంగడి’ అన్నారు. ఇద్దరిదీ న్యాయమైన ధరల కొట్టే. హిందీవాళ్ళు ‘ఉచిత్ మూల్య్’ అన్నారు, అంటే సరైన ధర. మనం ఆ మాట వాడితే జనం ఉచితంగా ఇస్తారనుకుని సంచులు పట్టుకొస్తారు కాబట్టి అది కుదరదు. మరి న్యాయ ధర అనొచ్చుగా? మనం ‘చౌక ధరల దుకాణం’ అన్నాం. ఆ పేరులో వాడకపు సౌలభ్యం ఉంది, ఎవరికైనా అర్థమవుతుంది. కానీ రెండు పేర్లకీ మధ్య పెద్ద దూరమే ఉంది. న్యాయమైన ధర అంటే క్యూలో నిలబడ్డ మనిషికి రావలసింది. చౌక ధర అంటే ఆ మనిషికి ప్రభుత్వం చేసిన దయ. హక్కు ఉన్నచోట దయ కూర్చుంది, మాట మారిందని కూడా ఎవరం గమనించలేదు.

1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2013లో కొత్త చట్టం వచ్చింది. దాని అసలు పేరు మొదలయ్యేదే ‘న్యాయమైన పరిహారానికి హక్కు’ అని. అందులో ఆ న్యాయం కోసం వాడిన మాట ‘ఫెయిర్’. పేరు పొడుగు కాబట్టి మనం దాన్ని ‘2013 భూసేకరణ చట్టం’ అంటాం. చట్టం పేరులో హక్కూ ఫెయిరూ మొదట ఉన్నాయి, భూసేకరణ తరవాత ఉంది. వాడుకలో మొదటి రెండూ రాలిపోయి సేకరణ మిగిలింది.

ఈమధ్య పిల్లల నోట ‘దట్స్ నాట్ ఫెయిర్’ వింటుంటాను. అపార్ట్‌మెంట్ కింద క్రికెట్ ఆడేవాళ్ళు, టీమ్ మీటింగుల్లో పని పంచుకునేవాళ్ళు ‘ఇది ఫెయిర్ కాదు’ అంటున్నారు. అంటే రెండో కొమ్మ కూడా ఇప్పుడిప్పుడే తెలుగులోకి చిగురిస్తోంది. నాకది సంతోషమే. అయితే ఆ చిగురు నీడ ఎందాకా పడుతుందన్నదే ప్రశ్న.

ఎందుకంటే ఈ మాట ఎక్కువమంది తెలుగువాళ్ళ బతుకుని నిజంగా తూచేది పెళ్ళి ప్రకటనలో కాదు, వడ్ల కొనుగోలు కేంద్రంలో. ప్రభుత్వం మద్దతు ధరకి ధాన్యం కొనాలంటే అది ‘ఎఫ్.ఏ.క్యూ.’ ఉండాలి. ఆ మొదటి అక్షరం ఫెయిర్. ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ. అందం అడగడం లేదు, ఓ మోస్తరుగా ఉంటే చాలంటోంది. తేమ 17 శాతం దాటకూడదు. తాలు, చెత్త ఇంతకి మించకూడదు. మొలకెత్తిన గింజలు, రంగు మారిన గింజలు ఇంతకి మించకూడదు. కోతల వేళ అకాలవర్షం పడితే రోడ్ల మీద ఆరబోసిన వడ్లు తడుస్తాయి. గింజ రంగు మారుతుంది. కాంటా దగ్గర తరుగు పెరుగుతుంది. మర్నాటి పేపర్లో ‘రంగు మారిన ధాన్యాన్ని కూడా కొనాలి’ అని రైతుల ధర్నా వార్త ఉంటుంది.

అక్కడ మాత్రం ‘ఫెయిర్’ అనే మాట తన అర్థాలన్నిటినీ ఒక్క కుప్ప మీద పెట్టుకుని నిలబడుతుంది. వాన లేని రోజు, మచ్చ లేని రంగు, ఓ మోస్తరు నాణ్యత, న్యాయమైన ధర. మొదటిది చేజారితే మిగిలిన మూడూ చేజారతాయి. ఆ రైతుకి ఈ మాట తెలియనక్కర్లేదు. కాంటా వేసేవాడితో అతను అడిగేది వేరే మాటలో ఉంటుంది. ‘ఇది సబబేనా సారూ?’ అంటాడు. ఇంగ్లీషు వెయ్యేళ్ళు తిరిగి చేరుకున్న చోటుకి అతను ఒక్క ప్రశ్నతో చేరుకుంటాడు. జవాబే ఇంకా రావలసి ఉంది.